ముత్యాల హారము - గుచ్చుటలోని శాస్త్రము

నవరత్నములలో ఏడు భూమిలో దొరకు ఖనిజములు. ముత్యము, పగడము అను రెండు మాత్రమే ప్రాణుల వలన కలుగునవి. వజ్రమును, కెంపును సాన పట్టినగాని వానికి కాంతి రాదు. ముత్యము చిప్పనుండి తీసిన నాడే తన కాంతితో ఉండును. కాని ఈ సౌలభ్యము వెనుక ఒక బలహీనత కూడ కలదు. వజ్రము తరతరములు చెక్కు చెదరదు. ముత్యము అజాగ్రత్తగ వాడినచో ఒక తరములోనే కాంతి తప్పి, పొరలు లేచి, పనికిరాకుండ పోవును. పెండ్లిలో పెట్టిన హారము మనుమరాలి నాటికి పసుపుబారి, దారము తెగి, పెట్టె అడుగున విడి ముత్యములుగ మిగులుట పలు కుటుంబములలో కనబడు విషయమే.

ఇట్లు కాకుండ చూచుకొనుట కష్టము కాదు. రంధ్రము చేసిన విడి ముత్యములు తెచ్చి ఇంటిలోనే హారముగ గుచ్చుకొనవచ్చును. తెగిన పాత హారమును తిరిగి గుచ్చవచ్చును. అందుకు కావలసినవి ఒక సూది, పట్టుదారము, కొక్కెము, కొంత ఓపిక. అయితే ఏ దారము వాడవలెను? ముత్యమునకును ముత్యమునకును నడుమ ముడి ఎందుకు? హారమును దేనితో కడుగవచ్చును, దేనితో కడుగరాదు? ఈ ప్రశ్నలన్నిటికి సమాధానము ఒక్కచోటనే ఉన్నది. అది ముత్యము దేనితో, ఎట్లు నిర్మింపబడినదో తెలిసికొనుటలో ఉన్నది.

ముత్యము పుట్టుక

స్వాతి కార్తెలో పడిన వాన చినుకు ముత్యపు చిప్పలో చేరి ముత్యమగునని మన పెద్దలు చెప్పుదురు. ఇసుక రేణువు చిప్పలో చొరబడి ముత్యమగునని పాఠ్యపుస్తకములలో కూడ కొన్నిచోట్ల కనబడును. మొదటిది కవుల ఊహ. రెండవది కొంత సత్యమునకు దగ్గరైనను పూర్తిగ సరి కాదు. సముద్రపు అడుగున ఇసుకలో బ్రదుకు ప్రాణికి ఇసుకను బయటికి నెట్టివేయు నేర్పు ఉండనే ఉండును.

ముత్యపు చిప్ప రెండు డొప్పల నడుమ నివసించు మెత్తని ప్రాణి. దాని శరీరమును ఒక పలుచని కండపొర కప్పియుండును. దీనిని ప్రావారము అందురు. డొప్ప లోపలి భాగమునకు మెరుగు పూత పూయు పని ఈ ప్రావారములోని కణములది. పరాన్నజీవి తొలుచుట వలన గాని, గాయము తగులుట వలన గాని, ఈ కణములు కొన్ని తమ తావు తప్పి శరీరము లోపలికి పోవుట కలదు. అచ్చట అవి వృద్ధిపొంది చిన్న సంచివలె ఏర్పడును. చోటు మారినను పని మానవు. డొప్పకు పూయవలసిన పూతను సంచి లోపలికి, చుట్టును, పొర పైని పొరగ పూయుచు పోవును. అట్లు ఏర్పడిన ఉండయే ముత్యము.

ఈ రహస్యము తెలిసిన పిదప మానవుడు చిప్పచేత ముత్యము చేయించుట నేర్చుకొనెను. జపాను దేశీయుడైన కోకిచి మికిమోతో 1893లో అర్ధగోళాకారపు ముత్యములను పెంచగలిగెను. 20వ శతాబ్దము మొదటి దశాబ్దములో ఆ దేశమునందే నిషికావా, మిసే అనువారు గుండ్రని ముత్యమును పొందు పద్ధతిని కనుగొనిరి. ఒక చిప్పనుండి చిన్న ప్రావారపు ముక్కను కోసి, నున్నని డొప్పపూసతో కలిపి, మరియొక చిప్ప శరీరములో నాటుట ఈ పద్ధతి. మన దేశములో తూత్తుకుడి వద్ద మన్నారు సింధుశాఖలో ప్రాచీనకాలము నుండి మునిగి ముత్యపు చిప్పలు తీయుచుండిరి. అచ్చటనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో పెంపుడు ముత్యములను ఉత్పత్తి చేయుటలో కృతకృత్యులైరి. నేడు బజారులో కల్చర్డ్ ముత్యములు అని అమ్మబడునవి ఈ పెంపుడు ముత్యములే. వీనిలో అధికభాగము చీనా దేశపు మంచినీటి చెరువులలో పెంచినవి.

సముద్రమునకు దూరమున ఉన్న హైదరాబాదు ముత్యాల నగరమని పేరు పొందుటకు కారణము ముత్యములు అచ్చట పుట్టుట కాదు, ముత్యముల పని అచ్చట జరుగుట. పారశీక సింధుశాఖనుండి బస్రా రేవు మీదుగ వచ్చు ముత్యములను నిజాము ప్రభువులు మక్కువతో సేకరించిరి. భారత ప్రభుత్వము 1995లో కొనిన 173 నిజాము నగలలో, 465 బస్రా ముత్యములతో ఏడు పేటలుగ గుచ్చిన సత్‌లడా హారము ఒకటి. రాజాశ్రయములో పెరిగిన రంధ్రము చేయు నేర్పు, వన్నె చూచి ఏరు నేర్పు, గుచ్చు నేర్పు ఆ నగరమును వీడిపోలేదు. చార్మినారు సమీపమున పత్తర్‌గట్టి వీధిలో నేటికిని ముత్యముల అంగళ్ళు వరుసగ కలవు.

ఇటుకలును అడుసును

ముత్యమును రసాయనికముగ పరీక్షించినచో అందులో సుమారు 90 పాళ్ళు కాల్షియం కార్బొనేటు కనబడును. సుద్దలోను, పాలరాతిలోను ఉండు పదార్థమే ఇది. మిగిలిన దానిలో కాంకియోలిన్ అను ప్రోటీను, కొద్దిపాటి నీరు ఉండును. సుద్ద చేతితో నలిపిన పొడియగును. అదే పదార్థముతో అయిన ముత్యము చేయి జారి నేలపై పడినను సామాన్యముగ పగులదు. ఈ భేదము పదార్థమువలన గాక కట్టడమువలన వచ్చినది.

ముత్యపు పొరలో కాల్షియం కార్బొనేటు ఆరగొనైటు అను స్ఫటికరూపములో, అతి పలుచని పలకలుగ ఉండును. ఒక్కొక్క పలక మందము మిల్లీమీటరులో రెండువేలవ వంతునకు అటునిటు. ఇటుకల నడుమ అడుసువలె, పలకల నడుమ కాంకియోలిన్ పరచుకొని వానిని అంటిపట్టి ఉంచును. పగులు ఒకటి పుట్టినను అది మెత్తని ప్రోటీను పొర చేరగానే దారి మళ్ళి బలహీనపడును. కనుకనే ముత్యపు పొర సామాన్యమైన ఆరగొనైటు కంటె ఎన్నో రెట్లు గట్టిది. ఒక మిల్లీమీటరు మందముగల పూతలో సుమారు 2000 పలకల వరుసలు ఉండునన్నచో ఆ చిరుప్రాణి పనితనము ఊహింపవచ్చును.

ముత్యపు కాంతికి కూడ ఈ కట్టడమే మూలము. కంటికి కనబడు వెలుతురు తరంగదైర్ఘ్యము మిల్లీమీటరులో పదివేలవ వంతులు 4 నుండి 7 వరకు ఉండును. పలకల మందమును ఇంచుమించు ఇంతే. ఒక్కొక్క పొరనుండి కొంత వెలుతురు వెనుకకు మరలి, ఆ తరంగములు ఒకదానితో నొకటి కలిసికొన్నపుడు కొన్ని రంగులు బలపడి, కొన్ని అణగిపోవును. దీనిని వ్యతికరణము అందురు. వానకు తడిసిన రోడ్డుమీద నూనెచుక్క రంగులు చూపుటకు కారణము ఇదే. సర్ సి. వి. రామన్ 1930 దశకములో చిప్పల వన్నెలను, 1954లో డి. కృష్ణమూర్తితో కలిసి ముత్యముల కాంతిని పరిశోధించి వ్యాసములు ప్రచురించెను. ఈ విధముగ ముత్యపు కాంతి పైన పూసిన రంగు కాదు. పొరల వరుస చెడినచో కాంతియు చెడును. ఒకసారి పోయిన దానిని తిరిగి తెచ్చు మార్గము లేదు.

కొనునపుడు

నకిలీ ముత్యముల చరిత్ర చిన్నది కాదు. 17వ శతాబ్దములో పారిస్ నగరమున జాకిన్ అను జపమాలల పనివాడు చేపపొలుసుల మెరుపును వేరుచేసి బోలు గాజుపూసలకు లోపల పూయుట కనిపెట్టెను. ఆ మెరుపు గ్వానిన్ అను పదార్థపు స్ఫటికములది. నేడు గాజు, ప్లాస్టిక్ పూసలకు పైపూత పూసి ముత్యములని అమ్ముదురు.

ముత్యపు విశిష్ట సాంద్రత సుమారు 2.7. ప్లాస్టిక్ పూస చేతికి తేలికగ తగులును గనుక దానిని గుర్తించుట సులభము. గాజు సాంద్రత ముత్యమునకు దగ్గర కాబట్టి బరువు చూచి గాజుపూసను కనిపెట్టలేము. అట్టి చోట ముత్యమును ముందుపంటి అంచున మెల్లగ రాచి చూడవచ్చును. పలకల అంచులు ఎగుడుదిగుడుగ ఉండుటచే అసలు ముత్యము కొద్దిగ గరుకుగ తోచును. పూత పూసిన పూస నున్నగ జారును. భూతద్దముతో రంధ్రపు అంచు చూచుట మరింత మేలు. పైపూత పెచ్చులుగ లేచియుండిన అది నకిలీ. సహజ ముత్యమునకును పెంపుడు ముత్యమునకును గల భేదము మాత్రము ఈ పరీక్షలకు అందదు. దానికి ప్రయోగశాలలో ఎక్స్-కిరణముల పరీక్ష కావలెను.

నిప్పు చూపుట, వెనిగరులో వేయుట అను పరీక్షలు కొందరు చెప్పుదురు. వీనిని ఎన్నడును చేయరాదు. ముత్యము అసలుదని ఋజువగు నాటికి అది చెడిపోయియుండును.

రంధ్రము చేయుట పనివారికి విడిచిపెట్టవలసిన పని. వారు ముత్యమును ఒక వైపునుండి సగము వరకు తొలిచి, త్రిప్పి, రెండవ వైపునుండి తొలుచుదురు. ఒకే వైపునుండి తొలిచినచో బరమా ఆవలికి వచ్చునపుడు పూత పెచ్చు లేచును. తొలుచునపుడు నీరు పోయుదురు. రాపిడి వేడికి ప్రోటీను మాడకుండ ఇది కాపాడును. ఇంటిలో గుచ్చువారు రంధ్రము చేసిన ముత్యములనే కొనవలెను.

దారమును ముడియు

ఖనిజముల కాఠిన్యమును 1 నుండి 10 వరకు గల మో మానముతో కొలుతురు. వజ్రము 10. ఇసుకలోని స్ఫటికశిల 7. ముత్యము 2.5 నుండి 4.5 వరకు మాత్రమే. అనగా రాగి నాణెముతో పోల్చదగినంత మెత్తనిది. ఉక్కుతీగతో గుచ్చినచో తీగ కదిలినపుడెల్ల రంధ్రపు అంచును ఆకురాయివలె అరుగదీయును. నైలాను తీగ బలమైనదేగాని జారుడు గుణము వలన దానిపై ముడి నిలుచుట కష్టము. బిరుసుగ ఉండుటచే హారము మెడపై ఒదిగి కూర్చుండదు. పట్టుదారము సన్నన, మెత్తన, సన్నదనమునకు మించిన బలము కలది. దానిపై వేసిన ముడి చక్కగ బిగిసి నిలుచును. ముత్యమువలె పట్టు కూడ ఒక ప్రాణి చేసిన వస్తువగుట గమనింపదగినది.

ప్రతి రెండు ముత్యముల నడుమ ఒక ముడి వేయుటవలన ప్రయోజనములు మూడు. ముత్యము ముత్యమును తాకదు. సమాన కాఠిన్యము గల రెండు వస్తువులు రాచుకొన్న రెండును అరుగును గదా! రెండవది, దారము తెగినను మహా అయిన ఒకటి రెండు ముత్యములు జారును. తక్కినవి ముడుల నడుమ నిలిచియుండును. మూడవది, ముడులు కీళ్ళవలె పనిచేయుటచే హారము మెలికలు పడక అందముగ వ్రేలును.

గుచ్చు విధానము

ముందుగ లెక్క చూచుకొనవలెను. హారపు పొడవు 45 సెంటీమీటర్లు, అనగా 450 మిల్లీమీటర్లు అనుకొందము. కొక్కెమునకును కొసలకును 18 మిల్లీమీటర్లు పోగా 432 మిగులును. ముత్యము 6 మిల్లీమీటర్లు, ముడి 0.75 మిల్లీమీటరు అయినచో ఒక్కొక్క ముత్యము ఆక్రమించు చోటు 6.75 మిల్లీమీటర్లు. 432ను 6.75చే భాగించిన 64 వచ్చును. ముడులు లేకున్న 72 ముత్యములు పట్టియుండును. ముడులు హారమును కాపాడుటయే గాక ఎనిమిది ముత్యముల ఖర్చును కూడ తగ్గించుచున్నవి.

ఒక మందపు గుడ్డ పరచి దానిపై పని చేయవలెను. గుడ్డపై ముత్యములు దొరలిపోవు. మందపు కాగితమును గాడివలె మడచి అందులో ముత్యములను పేర్చవలెను. పెద్దవి నడుమ, చిన్నవి ఇరుకొసలకు వచ్చునట్లు అమర్చుట వాడుక. వన్నెలు పోల్చుట పగటి వెలుతురులోనే చేయవలెను. దీపపు వెలుతురులో తెలుపు వన్నెలోని భేదములు సరిగ తెలియవు.

హారపు పొడవునకు నాలుగైదు రెట్లు, అనగా సుమారు 2 మీటర్లు, దారము తీసికొనవలెను. పట్టు వాడుకలో కొంత సాగును గనుక ముందటి రాత్రి దానికి చిన్న బరువు కట్టి వ్రేలాడదీయుట మంచిది. దానిని సగమునకు మడచి రెండు పోగులుగ వాడుదురు. ముత్యపు రంధ్రము సామాన్యముగ మిల్లీమీటరులో ఏడెనిమిది పదవ వంతులు ఉండును. రెండు పోగులు కలిసి అందులో బిగువుగ, కాని చిక్కుపడకుండ దూరవలెను. దారము మరీ సన్ననిదైనచో ముడి రంధ్రములోనికి జారిపోవును. మామూలు కుట్టుసూది ఇందులో దూరదు. సన్నని తీగను సగమునకు మడచి మెలిపెట్టిన సూదిని వాడవలెను. దాని కన్ను దూరునపుడు నొక్కుకొనిపోవును.

నగల సామాను అమ్ము అంగళ్ళలో చిప్పవలె తెరచుకొను చిన్న లోహపు గిన్నె దొరకును. దారపు కొసన ముడివేసి, ఆ ముడి గిన్నెలో దాగునట్లు దారమును దాని అడుగు రంధ్రములోనుండి లాగి, ఒక చుక్క జిగురు వేసి, చిన్న పట్టకారుతో గిన్నెను మూయవలెను. తరువాత మొదటి ముత్యమును గుచ్చి గిన్నె దగ్గరకు జరుపవలెను. దారముతో సాధారణమైన ఒంటి ముడి వేసి, అది బిగియక మునుపే ముడి కంతలో ఒక సూదిని దూర్చి, ఆ సూదితో ముడిని ముత్యమునకు ఆనునట్లు నడిపించుకొని పోవలెను. ముడి ముత్యమును తాకిన పిదప సూదిని తీసివేసి, రెండు పోగులను విడదీసి చెరియొక వైపునకు లాగిన ముడి మరికొంత ముందుకు జరిగి బిగియును. ఈ కిటుకు అబ్బినచో పని సగము అయినట్లే. కొత్తగ నేర్చువారు చౌకపూసలతో ఒక దండ గుచ్చి చేయి తిరిగిన పిదప ముత్యములు పట్టుట మంచిది. ఒకసారి బిగిసిన ముడిని విప్పుట దాదాపు అసాధ్యము.

చివరి ముత్యము తరువాత రెండవ గిన్నెను అమర్చి మూసి, రెండు గిన్నెల కొసలను కొక్కెమునకు తగిలించిన హారము పూర్తియగును.

కాపాడుకొనుట

కాల్షియం కార్బొనేటుపై ఆమ్లము పడినపుడు బొగ్గుపులుసు వాయువు వెలువడి లవణము, నీరు మిగులును. ఈజిప్టు రాణి క్లియోపాత్రా ముత్యమును వెనిగరులో కరగించి త్రాగినదను కథ ఒకటి కలదు. కథలో చెప్పినంత వేగముగ ముత్యము కరగదుగాని కరగుట మాత్రము నిజమే. మన ఇండ్లలో నగలను చింతపండు రసముతో తోముట ఆచారము. బంగారమును చింతపండులోని ఆమ్లము ఏమియు చేయలేదు. అదే నగలో ముత్యము పొదిగియున్నచో దాని పైపొరను తినివేయును. నిమ్మరసము కూడ అట్టిదే. చెమట సామాన్యముగ స్వల్ప ఆమ్లగుణము కలిగియుండును. వాడిన ప్రతిసారియు తుడువకున్నచో మెడకు ఆనుకొను ముత్యములు మొదట కాంతి తప్పుటకు ఇదియే కారణము.

తుడుచుటకు మెత్తని తడిగుడ్డ మంచిది. పొడిగుడ్డలో చిక్కుకొన్న దుమ్ములో ఇసుక రేణువులు ఉండును. ఇసుక కాఠిన్యము 7 అని, ముత్యపు కాఠిన్యము అందులో సుమారు సగమని జ్ఞప్తియందుంచుకొన్న పొడిగుడ్డతో రుద్దుట ఎంత ప్రమాదమో తెలియును. సెంటు, పౌడరు, తలనూనె, పసుపు మొదలగునవి పూసికొనుట ముగిసిన పిదపనే హారము ధరించవలెను. ఇంటికి రాగానే మొదట దానినే తీయవలెను. తుడిచిన హారమును వ్రేలాడదీయరాదు. తడిసిన పట్టు బరువునకు సాగును. గుడ్డపై పరచి ఆరనిచ్చి మెత్తని గుడ్డసంచిలో ఉంచవలెను. ఏండ్ల తరబడి గాలి చొరని పెట్టెలో దాచుటయు మంచిది కాదు. కాంకియోలిన్‌లోని తేమ ఆరిపోయినచో ముత్యము బీటలు వారవచ్చును.

ముడులకును ముత్యములకును నడుమ సందు కనబడినను, దారము నల్లబడినను తిరిగి గుచ్చు సమయము వచ్చినదని గ్రహింపవలెను. తరచుగ ధరించు హారమునకు ఏడాది రెండేండ్లకు ఒకసారి దారము మార్చుట మేలు. దారము చౌక. ముత్యము మరల దొరకదు.

తరగతిలో ఒక ప్రయోగము

ఉపాధ్యాయులు ఈ పాఠమును ముత్యము లేకుండనే చూపవచ్చును. సముద్రపు ఒడ్డునగాని, చెరువు గట్టునగాని దొరకు చిప్పముక్క ఒకటి, గాజుగ్లాసు, వెనిగరు చాలును. లోపలివైపు మెరయు చిప్పముక్కను ఎంచుకొని, దానిని వాలుగ పట్టి త్రిప్పుచు రంగులు మారుటను విద్యార్థులచే గమనింపజేయవలెను. ముక్క బరువు తూచి, వెనిగరులో వేసి ఒక రాత్రి ఉంచవలెను. వేసినంతనే సన్నని బుడగలు లేచును. మరునాడు కడిగి, ఆరబెట్టి, తిరిగి తూచిన బరువు తగ్గియుండును. మెరుపు కూడ మందగించియుండును. ఆ పైని, చింతపండు రసముతో నగలు తోము ఇంటిలో ముత్యపు కమ్మలు ఉన్నచో ఏమి చేయవలెనో విద్యార్థులే తల్లులకు చెప్పగలరు.